టేపు పట్టుకుని మొదలుపెట్టండి

బెల్లీ డాన్స్ నేర్చుకోవాలని మనసులో ఉన్న తెలుగు ఆడవాళ్లు సింగపూర్‌లో నాకు తరచూ కనిపిస్తారు. ఐటీ ఉద్యోగానికి వచ్చినవాళ్లు, భర్త ఉద్యోగం వెంట వచ్చినవాళ్లు, ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు. అందరూ అడిగేవి మాత్రం దాదాపు ఒకే ప్రశ్నలు. "ఈ వయసులో వస్తుందా? ఇద్దరు పిల్లల తర్వాత ఈ పొట్టతోనా? ఆ బట్టలు నేనెలా వేసుకోను?" ఈ ప్రశ్నల్లో నాట్యం ఎక్కడా లేదు. ఒంటి గురించిన జంకే ఉంది. ఆ జంకు ఓదార్పు మాటలతో పోతుందని నేను నమ్మను. నిన్ను నువ్వు ప్రేమించుకో అని చెప్పడం తేలిక. అలా చెప్పి చేతులు దులుపుకునే బదులు ఆ చేతులకే ఒక పని చెప్పడం మేలు. అందుకే నా సలహా ఇది: క్లాసులో చేరిన వారంలోనే దర్జీ టేపు ఒకటి కొనుక్కోండి. మీ నాట్యం బట్టలు మీరే కుట్టుకోండి.

దీనివల్ల డబ్బు మిగులుతుంది, నిజమే. కానీ నేను ఈ సలహా ఇచ్చేది అందుకు కాదు. అద్దం ముందు నిలబడి "లావైపోయాను" అనుకునే మనిషి, టేపు పట్టుకున్నాక "నడుము 34, తుంటి 40, తుంటి నుంచి మడమ 36" అని నోటు పుస్తకంలో రాసుకుంటుంది. ఆ అంకెలతో గుడ్డ కత్తిరించాలి కాబట్టి అబద్ధం రాయడానికి లేదు, అతిశయానికీ తావు లేదు. రెండు అంగుళాలు తగ్గించి రాసుకుంటే లంగా తుంటి మీద ఎక్కదు. కొన్ని వారాలు ఇలా కొలిచి, కత్తిరించి, కుట్టి, విప్పి, మళ్లీ కుట్టేసరికి మీ ఒళ్లు మీకు పని చేసే వస్తువుగా పరిచయమవుతుంది. ఆ పరిచయం లేకుండా నడుము తిప్పడం ఎంత నేర్చినా, భుజాలు బిగుసుకునే ఉంటాయి.

ముందు సిగ్గు సంగతి తేల్చుకుందాం. మనలో చాలామందికి ఈ తరహా దుస్తులు తెలిసింది సినిమాల్లోనే. జ్యోతిలక్ష్మి, జయమాలిని, సిల్క్ స్మిత ఆడిన క్లబ్ పాటల్లో మెరిసే బట్టలు చూశాం. ఆ పాట రాగానే ఇంట్లో పెద్దవాళ్లు లేచి టీవీ కట్టేయడమూ చూశాం. ఆ నర్తకీమణులు పడ్డ శ్రమకు దక్కాల్సిన మర్యాద దక్కలేదన్నది నా గట్టి అభిప్రాయం. ఇక ఆ మెరిసే బట్టల్లోని పూసల బెల్టు కథ కైరో నుంచి మొదలవుతుంది. బదియా మసాబ్ని అనే నర్తకి 1926లో అక్కడ ఒక వినోదశాల తెరిచింది. సమియా గమాల్, తహియా కరియోకా పేరు తెచ్చుకున్నది ఆమె వేదిక మీదే. పూసల బ్రా, తుంటికి బెల్టు, కింద పారాడే లంగా అనే వేషం ఆ రోజుల్లో స్థిరపడి, ఈజిప్టు సినిమాల ద్వారా ప్రపంచమంతా పాకింది. అంతకుముందు అక్కడి ఘవాజీ నర్తకులు పొడవాటి అంగీ, కింద వదులు షల్వారు వేసుకుని, తుంటికి శాలువా కట్టుకుని ఆడేవారు.

అవమానం కూడా అక్కడివాళ్లకు కొత్త కాదు. 1834లో ఈజిప్టు పాలకుడు మహమ్మద్ అలీ కైరోలో బహిరంగంగా ఆడే నర్తకులను నిషేధించి, ఎగువ ఈజిప్టు పట్టణాలకు వెళ్లగొట్టాడు. మన దగ్గర 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చింది. చిన్నపిల్లలను గుడికి అంకితం చేసే ఆచారాన్ని ఆపడానికి అది అవసరమైన చట్టమే. అయితే దానికి ముందూ వెనకా సాగిన ప్రచారంలో కళావంతుల ఆడవాళ్లు తరతరాలుగా కాపాడిన ఆటకు కూడా వేదిక లేకుండా పోయింది. నాట్య గురువు నటరాజ రామకృష్ణ ఆ వృద్ధ నర్తకుల ఇళ్లకు వెళ్లి, వాళ్ల దగ్గర నేర్చుకుని, ఆంధ్ర నాట్యం పేరుతో దాన్ని మళ్లీ రంగం మీదకు తెచ్చారు. ఆడది నడుము కదిపితే ఊరు ఏమంటుందో అన్న భయం నైలు ఒడ్డునా, గోదావరి ఒడ్డునా ఒకేలా పనిచేసింది. మీ అత్తగారో, మీ అమ్మో ముఖం చిట్లిస్తే ఆ భయం వాళ్లు సొంతంగా పుట్టించుకున్నది కాదని గుర్తుంచుకుని, కోపం లేకుండా మాట్లాడండి.

పొట్ట కనిపించాలన్న నియమమూ ఏమీ లేదు. అధ్యక్షుడు నాసర్ కాలంలో ఈజిప్టు ప్రభుత్వం నర్తకుల పొట్ట కప్పి ఉండాలని నిబంధన పెట్టింది. నర్తకులు ఒంటి రంగు నెట్ గుడ్డతో పొట్ట కప్పుకునో, మెడ నుంచి మడమ దాకా ఒకే గౌను వేసుకునో ఆడారు. 1959లో మహమూద్ రెదా మొదలుపెట్టిన రెదా బృందంలో ఫరీదా ఫహ్మీ పల్లెల వేషాల నుంచి తీసుకున్న నిండు దుస్తుల్లోనే ఆడి దేశమంతటా మన్నన పొందింది. కాబట్టి ఎంత కప్పుకోవాలి అన్నది మీ ఇష్టం. కుట్టేది మీరే అయినప్పుడు ఆ ఇష్టం పూర్తిగా మీ చేతిలోనే ఉంటుంది. దుకాణంలో వేలాడే రెడీమేడ్ జత ముందు నిలబడితే వేసుకోవడమా, మానుకోవడమా అన్న రెండే దారులు మిగులుతాయి.

ఇంకో సంస్కృతి నాట్యాన్ని మనం తాకవచ్చా అన్న సందేహం కొందరికి వస్తుంది. మంచి సందేహమే. దానికి సింగపూర్ ఇచ్చిన జవాబు నాకు చాలా ఇష్టం. నర్తకి శాంతా భాస్కర్ కేరళ నుంచి 1955లో, ఇంకా టీనేజిలో ఉండగా, పెళ్లి చేసుకుని ఇక్కడికి వచ్చారు. ఆమె భర్త కె.పి. భాస్కర్ 1952లోనే ఇక్కడ నాట్య పాఠశాల పెట్టారు. ఆమె పక్కవాళ్ల చైనా, మలయ్ నాట్యాలను శ్రద్ధగా చూసి నేర్చుకున్నారు. 1958లో చైనావాళ్ల సీతాకోకచిలుక ప్రేమికుల కథను భరతనాట్యంలో కూర్చారు. 1990లో సింగపూర్ ప్రభుత్వం ఆమెను కల్చరల్ మెడాలియన్‌తో గౌరవించింది. 2022లో కన్నుమూసేదాకా ఆమె నేర్పుతూనే ఉన్నారు. ఇతరుల కళలోకి ఆమె అడుగుపెట్టిన తీరు చూడండి: ముందు నేర్చుకున్నారు, ఆ తర్వాతే కలిపారు. అరబ్బుల ఆట ఈ నేలకు కొత్త కూడా కాదు. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు వ్యాపారుల ఆట మలయ్ వాళ్ల చేతుల్లో జాపిన్‌గా మారి ఈ ప్రాంతమంతా నిలిచిపోయింది. మీరు చేయాల్సింది ఒక్కటే. నేర్చుకుంటున్న అడుగు పేరు, తాళం పేరు, పాట పాడినవారి పేరు తెలుసుకోండి. పాటలో మాటల అర్థం అడగండి. ఏడుపు పాటకు నవ్వుతూ ఆడటం అరబిక్ తెలిసినవారికి ఎలా ఉంటుందో ఊహించుకోండి.

క్లాసు ఎంచుకునేటప్పుడు నేను రెండు విషయాలే చూడమంటాను. మొదటిది, టీచరు మోకాళ్ల గురించి, నడుము వెన్ను గురించి మాట్లాడుతుందా అన్నది. మోకాళ్లు బిగబట్టి, వెన్ను వెనక్కి వంచి తుంటి ఊపితే నెల తిరక్కుండానే నొప్పి వస్తుంది. మోకాళ్లు వదులుగా, పిరుదులు కిందికి జారవిడిచినట్టు, పక్కటెముకలు కొంచెం పైకి ఎత్తినట్టు నిలబడటం నేర్పని చోట ఎన్ని అడుగులు నేర్చినా వృథా. రెండోది, పాట లేకుండా ఒట్టి దర్బుకా వాద్యం మీద ఆడిస్తుందా అన్నది. ఈ నాట్యానికి ప్రాణం తాళంలో ఉంది. మక్సూమ్ అనే నాలుగు లెక్కల తాళం చెవికి పట్టాలి: దుం టెక్, టెక్ దుం, టెక్. చేత్తో బల్ల మీద వాయించుకుంటూ పోతే వారంలో వచ్చేస్తుంది. కమ్యూనిటీ క్లబ్బుల్లో నడిచే తరగతులు మొదలుపెట్టడానికి తేలిక దారి. ఇంటికి దగ్గర, ఇరుగుపొరుగు ఆడవాళ్లు తోడుంటారు, స్టూడియోలంత జంకు పుట్టదు. వెన్నునొప్పి ముందే ఉన్నవాళ్లు, కాన్పు అయి ఎంతో కాలం కానివాళ్లు మాత్రం డాక్టరును అడిగాకే చేరాలి.

కూచిపూడి, భరతనాట్యం నేర్చినవాళ్లకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. అరమండిలో కూర్చుని పాదం గట్టిగా కొట్టడం వాళ్లకు ఒంటబట్టి ఉంటుంది. ఇందులో పాదం దాదాపు చప్పుడు చేయదు. ఒక తుంటి ఆడుతుంటే పై భాగమంతా నిశ్చలంగా ఉండాలి. పక్కటెముకలు కదిలితే తుంటి ఆగాలి. చిన్నప్పుడు నేర్చిన నాట్యం మీకు తాళాన్ని, క్రమశిక్షణను ఇచ్చింది, అవి అక్కరకొస్తాయి. పాదం మాత్రం కొన్ని నెలలు మాట వినదు. విసుక్కోకండి.

ఇక కుట్టు పని. నేను చెప్పే క్రమం తుంటి గుడ్డతో మొదలై, వెయిల్ (చేతుల్లో పట్టుకుని ఆడే పలుచని గుడ్డ), లంగా, బెల్టు, పై వస్త్రం దాకా వెళుతుంది. చాలామంది నేరుగా బ్రా దగ్గర మొదలుపెట్టి, అది కుదరక మొత్తం వదిలేస్తారు.

తుంటి గుడ్డ అంటే రెండు మూలలు పట్టి తుంటికి ముడి వేసుకునే త్రికోణపు గుడ్డ. అంచులకు కాసుల వరుసలు, పూసల వేలాడులు కుట్టండి. ఇక్కడే కుట్టూ నాట్యమూ ఒకదానికొకటి ముడిపడతాయి. తుంటి కిందికి పడ్డ క్షణం తర్వాత వేలాడు పడుతుంది, తుంటి ఆగాక అది ఊగుతుంది. మీ కదలిక ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఆ ఊపు చూపిస్తుంది. కుడి వైపు పూసలు చక్కగా ఎగురుతూ, ఎడమ వైపువి నీరసంగా కదిలితే మీ ఎడమ తుంటి పని చేయడం లేదన్నమాట. టీచరు పది సార్లు చెప్పినా తెలియని సంగతి ఇలా ఒక్క సాయంత్రంలో తెలుస్తుంది. వేలాడులు తుంటి ఎముక మీదికి వచ్చేలా కుట్టుకోండి, ముందు భాగాన కాదు. పూసలు గుచ్చడానికి నైలాన్ దారం వాడి, ప్రతి నాలుగైదు పూసలకు ఒక ముడి వేయండి. ఒక చోట తెగినా మిగతావి నేల మీద చెల్లాచెదురు కావు.

వెయిల్‌కు కొత్త గుడ్డ కొనాల్సిన పని లేదు. అయిదున్నర మీటర్ల పాత షిఫాన్ చీరను సగానికి కత్తిరిస్తే రెండు ముప్పావు మీటర్ల ముక్కలు రెండు వస్తాయి. అది సరిగ్గా వెయిల్ పొడవు. జరీ అంచు ఉంటే తీసేయండి, ఆ బరువుకు వెయిల్ గాలిలో నిలవదు. అంచులకు పీకో చేయిస్తే చాలు. రెండు చేతులతో వెనక నుంచి పట్టుకుని హాల్లో ఆ చివరి నుంచి ఈ చివరికి నడవండి. గుడ్డ మీ వెనక తేలితే పనికొస్తుంది, కాళ్లకు చుట్టుకుంటే గుడ్డ బరువెక్కువ.

లంగాకు లెక్క ఉంది, భయపడాల్సిన లెక్క కాదు. నిండు గేరా లంగా తుంటి మీద నిలుస్తుంది కాబట్టి, నడుము కొలత వాడకూడదు. బెల్టు ఎక్కడ కూర్చుంటుందో అక్కడ, అంటే బొడ్డుకు మూడు నాలుగు అంగుళాల కింద, చుట్టుకొలత తీసుకోండి. దాన్ని 6.28తో భాగించండి. కొలత 38 అంగుళాలు అయితే 6 అంగుళాలు వస్తుంది. మధ్యలో కత్తిరించే గుండ్రానికి అదే వ్యాసార్ధం. తుంటి నుంచి మడమకు 36 అంగుళాలు అనుకుంటే మొత్తం 42. పన్నా 44 అంగుళాలున్న షిఫాన్‌లో రెండు అర్ధవలయాలు కత్తిరించి, పక్కల కలిపి కుట్టుకోవచ్చు. ఒక్కో అర్ధవలయానికి 84 అంగుళాల పొడవు కావాలి, రెండింటికీ 168. కుట్టు మార్జిన్‌తో కలిపి నాలుగున్నర మీటర్లు కొనండి. షిఫాన్ జారిపోతుంది కాబట్టి కింద పాత వార్తాపత్రికలు పరిచి, వాటితో కలిపి గుండుసూదులు పెట్టి కత్తిరిస్తే గీత వంకర పోదు.

కత్తిరించగానే అంచు మడత కుట్టకండి. గేరా లంగాలో కొన్ని చోట్ల గుడ్డ పోగుల నిలువున, కొన్ని చోట్ల ఐమూలగా వేలాడుతుంది. ఐమూలగా ఉన్న చోట గుడ్డ తన బరువుకు తానే సాగుతుంది. ఒక రోజంతా హ్యాంగరుకు తగిలించి ఉంచండి, మర్నాడు చూస్తే కింది అంచు ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది. అప్పుడు బెల్టు కట్టుకుని నిలబడి, ఇంట్లోవాళ్లను నేల నుంచి పైకి కొలిచి గుర్తులు పెట్టమనండి. చాలామందికి ఒక తుంటి రెండోదాని కంటే కొంచెం ఎత్తుగా ఉంటుంది, ఈ కొలతలో అది బయటపడుతుంది. దాన్ని లోపంగా కాకుండా కొలతగా తీసుకుని, ఆ వైపు గుడ్డ అర అంగుళం ఎక్కువ వదలండి. సన్నని షిఫాన్‌కు 9 లేదా 11 నంబరు సూది వాడండి, బెల్టుకు కుట్టే కాన్వాస్‌కు 16 నంబరు కావాలి. ఇండియా నుంచి కుట్టు మిషను తెచ్చుకున్నా పనిచేస్తుంది. రెండు చోట్లా 230 వోల్టులే, ప్లగ్గు మాత్రం ఇక్కడిది మూడు చదరపు కాళ్లది. ఫ్లాటుల్లో ఉండేవాళ్లు మిషను కింద మందపాటి రబ్బరు చాప వేసుకుని, రాత్రి పొద్దుపోయాక చేతి కుట్టు పని పెట్టుకుంటే కింది ఇంటివాళ్ల నిద్ర చెడదు.

బెల్టుకు మన దర్జీలు అలవాటుగా వాడే బక్రం వద్దు. సింగపూర్ ఉక్కకు, నాట్యం చెమటకు బక్రంలోని గంజి మెత్తబడి, రెండు ప్రదర్శనల్లో బెల్టు ముడుచుకుపోతుంది. గట్టి కాన్వాస్ గానీ, మందపాటి డెనిమ్ గానీ రెండు పొరలు కలిపి కుట్టండి. ముందు భాగం ఒక ముక్క, వెనక భాగం ఒక ముక్కగా కత్తిరించి, పక్కల రెండు అంగుళాలు ఒకదాని మీద ఒకటి వచ్చేలా పెద్ద ప్యాంటు హుక్కులు వేయండి. ఒళ్లు కొంచెం వచ్చినా, తగ్గినా హుక్కు జరుపుకుంటే సరిపోతుంది. తుంటి కిందికి వెళ్లేకొద్దీ వెడల్పవుతుంది కాబట్టి పై అంచుకు రెండు మూడు డాట్లు వేయకపోతే బెల్టు పైభాగం నోరు తెరుచుకుంటుంది. పూసలు కుట్టకముందే ఈ వట్టి బెల్టు కట్టుకుని పావుగంట షిమ్మీ (తుంటిని వేగంగా ఊపడం) చేయండి. జారిపోతే వదులుగా ఉంది, ఊపిరి ఆడకపోతే బిగుతుగా ఉంది. ఈ పరీక్ష చేయకుండా పూసలు కుట్టడం మొదలుపెట్టేవాళ్లు వారాల పని విప్పాల్సి వస్తుంది.

పై వస్త్రానికి మనవాళ్లకు ఎవరికీ లేని అనుకూలం ఉంది: రవికె. 1987లో శాన్ ఫ్రాన్సిస్కోలో కరొలీనా నెరిచ్చియో మొదలుపెట్టిన ఫ్యాట్ చాన్స్ బెల్లీ డాన్స్ బృందం వేసుకున్నది వీపున తాళ్లు కట్టే రాజస్థానీ చోళీ, నిండు గేరా లంగా, అద్దాలు, కుచ్చులు. ఆ తరహాను ఇవాళ ఎన్నో దేశాల్లో ఆడుతున్నారు. తెలంగాణ తండాల్లో లంబాడీ ఆడవాళ్లు అద్దాలు, గవ్వలు, కాసులు కుట్టుకునే లంగా రవికెలు చూసిన కళ్లతో ఆ వేషం చూస్తే మనకు పరాయిగా అనిపించదు. బ్రా కంటే చోళీ కుట్టడం తేలిక, ఒంటి మీద నిలకడగా ఉంటుంది. మీ రోజువారీ జాకెట్టు కొలతే తీసుకోండి, చంక కింద మాత్రం చదరపు ముక్క ఒకటి కలపండి. అది లేకపోతే చేతులెత్తినప్పుడల్లా రవికె మొత్తం పైకి లేస్తుంది.

బ్రానే కావాలనుకుంటే గట్టి కప్పులున్నది కొని, దాని ఎలాస్టిక్ పట్టీలన్నీ కత్తిరించేయండి. పూసల బరువుకు ఎలాస్టిక్ సాగి, పాట సగంలో జారుతుంది. వాటి స్థానంలో సాగని పట్టీలు, చేత్తో కాజా కుట్టు వేసిన పెద్ద హుక్కులు పెట్టండి. లోపల నూలు లైనింగు విడిగా తీసి ఉతుక్కునేలా టాకాలతో కుట్టుకోండి. పూసలు కుట్టిన వస్త్రాన్ని ఉతకలేం. దాని ఆయుష్షు ఆ లైనింగు మీదే ఆధారపడి ఉంటుంది.

గుడ్డల కోసం అరబ్ స్ట్రీట్‌కు వెళ్లండి. సుల్తాన్ మసీదు పక్కనున్న ఆ వీధిలో బట్టల కొట్లు తరాలుగా ఉన్నాయి. సిల్కు, లేసు, పూసల పని ఉన్న నెట్ అక్కడ దొరుకుతాయి. చైనాటౌన్‌లోని పీపుల్స్ పార్క్ కాంప్లెక్సులో దర్జీలు, గుడ్డల కొట్లు ఉన్నాయి. లిటిల్ ఇండియాలో టెక్కా సెంటర్ పై అంతస్తు మన చుడీదార్లు, జాకెట్లు కుట్టే దర్జీలతో నిండి ఉంటుంది. ఎక్కడికి వెళ్లినా గుడ్డను చేతిలో నలిపి, ఎత్తి పట్టుకుని, వదిలి, ఎలా పడుతుందో చూశాకే కొనండి. మెరుపు చూసి కొన్న గుడ్డ ఒంటి మీద కర్రలా నిలబడితే దాన్ని బాగుచేసే మార్గం లేదు.

పూసల పని నేర్వాలంటే మాత్రం పెరనకన్ల వైపు చూడమంటాను. చైనా, మలయ్ సంప్రదాయాలు కలిసిన ఆ కుటుంబాల ఆడవాళ్లు చెక్క చట్రానికి గుడ్డ బిగించి, ఆవగింజల్లాంటి గాజుపూసలతో కసూత్ మానెక్ అనే చెప్పులు కుట్టేవారు. పెళ్లికూతురి ఓర్పునూ చేతి నైపుణ్యాన్నీ ఆ చెప్పులు చూసి అంచనా వేసేవారట. గుడ్డ బిగించి కుట్టే పద్ధతి మన మగ్గం వర్కుకు దగ్గర బంధువు. ఆర్మీనియన్ స్ట్రీట్‌లోని పెరనకన్ మ్యూజియంలో ఆ పని చూడొచ్చు. ఒక పువ్వు ఆకు దగ్గర ఆగి, పూసల వరుసలు ఏ దిశలో తిరిగాయో గమనించండి. ఒకే రంగు పూసలు దిశ మారితే వెలుగు మారుతుంది. మీ బెల్టు మీద తుంటి వంపు చుట్టూ వరుసలు తిప్పి కుట్టాలని, అడ్డంగా నేరుగా కుట్టకూడదని అక్కడ అర్థమవుతుంది. వాళ్ల కెబాయా రవికెను సింగపూర్, మలేషియా, ఇండోనేషియా, బ్రూనై, థాయ్‌లాండ్ కలిసి ప్రతిపాదించగా 2024 డిసెంబరులో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. కుట్టు పనిని కళగా లెక్కించే ఊళ్లో ఉన్నామన్న ధైర్యం మీకు ఉండాలి.

అన్నీ సిద్ధమయ్యాక ఇంట్లో పూర్తి వేషంతో మొత్తం పాట ఆడండి. కూర్చోండి, నేల మీద పడుకుని లేవండి, రెండు చేతులూ తలపైకి ఎత్తండి, గట్టిగా షిమ్మీ చేయండి. ఎక్కడ గుచ్చుకుంది, ఎక్కడ జారింది, ఏ హుక్కు వెయిల్‌కు పట్టుకుంది అని రాసుకుని, బాగుచేసి, మళ్లీ ఆడండి. హుక్కులకు తోడు వీపున, పక్కన పిన్నీసులు పెట్టడం పేరున్న నర్తకులూ చేసే పనే.

దాచడంలో ఈ ఊరి వాతావరణం కనికరం చూపదు. గాలిలో తేమ ఏడాది పొడవునా ఎక్కువే. ఆడి వచ్చిన వెంటనే పెట్టెలో పెడితే వారంలో బూజు వాసన పడుతుంది, కాసులు నల్లబడతాయి. ఫ్యాను కింద రాత్రంతా ఆరబెట్టండి. చెమట పట్టిన చోట నీళ్లు కలిపిన వోడ్కా పిచికారీ చేస్తే వాసన పోతుంది, నాటకాల దుస్తులు చూసుకునేవాళ్లు పాటించే పద్ధతి ఇది. హ్యాంగరుకు తగిలించకండి, పూసల బరువుకు గుడ్డ చిరుగుతుంది. పాత నూలు చీరలో చుట్టి, పరిచినట్టుగా పెట్టెలో పెట్టి, తేమ పీల్చే డబ్బా పక్కన ఉంచి, నెలకొకసారి మార్చండి.

మొదటి ప్రదర్శన ఎక్కడ అంటే, టీచరు పెట్టే ఆడవాళ్ల చిన్న కూడికలో అని చెబుతాను. సాంస్కృతిక సంఘాల ఉగాది వేదిక తర్వాత సంగతి. అక్కడ ఆడాలనిపిస్తే నిండు గౌను వేషం కుట్టుకుని, రెదా తరహా జానపదం ఎంచుకుని, నిర్వాహకులకు ముందే ఒక చిన్న వీడియో పంపండి. చూసిన తర్వాత ఒప్పుకున్నవాళ్లు వేదిక మీద మీ పక్షాన నిలబడతారు.

డబ్బు విషయంలో ఒక హెచ్చరిక. మీ బెల్టు చూసి తోటివాళ్లు తమకూ కుట్టిపెట్టమంటారు, రెస్టారెంటువాళ్లు వచ్చి ఆడమంటారు. రుసుము తీసుకునే ముందు మీ పాసు ఏమిటో చూసుకోండి. డిపెండెంట్ పాసు మీద ఉన్నవాళ్లు 2021 మే నుంచి ఉద్యోగం చేయాలంటే సొంతంగా వర్క్ పాసు తీసుకోవాలి. వర్క్ పాసు ఉన్నవాళ్లు కూడా తమ కంపెనీ పని కాక బయట సంపాదించే ముందు మానవశక్తి మంత్రిత్వశాఖ నియమాలు చదవాలి. ఇంట్లో కుట్టి అమ్మాలనుకునే పౌరులు, శాశ్వత నివాసులు ఫ్లాటుల్లో ఇంటి వ్యాపారానికి ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ హెచ్‌డీబీ పెట్టిన షరతులు చూసుకోవాలి. అనుమతి ఉన్నవాళ్లు ధర చెప్పేటప్పుడు గుడ్డ, పూసల ఖర్చు ఒక వైపు, కుట్టిన గంటలు ఇంకో వైపు విడిగా రాసి చూపించండి. ఒక బెల్టుకు ఎన్ని సాయంత్రాలు పడతాయో కొనేవాళ్లకు తెలియదు. చూపించాక బేరం ఆడేవాళ్లు తగ్గుతారు. అనుమతి లేకపోతే, కుట్టిపెట్టమన్నవాళ్లకు కొలతలు తీసుకోవడం నేర్పండి, టేపు వాళ్ల చేతికే ఇచ్చి కుట్టించండి.